ఆగమని పెట్టిన పేరు

స్తమతియా అనే పేరు వినగానే మా కొండల్లో ఎవరైనా ముందు నవ్వుతారు. తర్వాత, నీకు ముందు ఎంతమంది అక్కలు అని అడుగుతారు. ఇంటి గుట్టంతా ఆ పేరులోనే ఉంది. స్తమాతా అంటే మా భాషలో ఆగు అని. ఆడపిల్ల మీద ఆడపిల్ల పుట్టుకొస్తుంటే, ఇక చాలు స్వామీ అని దేవుడికి మొహం మీద చెప్పే ధైర్యం లేని తండ్రులు ఆ మాటను పసిగుడ్డు నెత్తిన పెట్టేవాళ్ళు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతున్న ఇళ్ళల్లో కూడా ఇదే పేరు పెడతారు, చావు గడప దగ్గరే ఆగాలని. అయితే స్తమతియా తండ్రి మిత్రోస్ ఇంట్లో చావుల్లేవు. ముగ్గురు ఆడపిల్లలు మాత్రం ఉన్నారు. ఆమె నాలుగోది.

మా పానో రాహి ఊళ్ళో బిడ్డ బాప్తిస్మానికి తల్లి చర్చికి వెళ్ళదు. పేరు పెట్టేది జ్ఞానతండ్రి, బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకుని నిలబడే పెద్దమనిషి. ఆయన నోటివెంట పేరు వచ్చేదాకా బిడ్డకి పేరంటూ ఉండదు. బేబా అంటారు, అంతే. పేరు వినపడగానే చర్చిలో ఉన్న పిల్లకాయలందరూ ఒక్క పెట్టున బయటికి ఉరికి, పందెం వేసుకుని పరిగెత్తి, ఇంట్లో ఎదురుచూస్తున్న తల్లికి ఆ పేరు చెబుతారు. ఆమె వాళ్ళ చేతుల్లో చిల్లరో, అక్రూట్ కాయలో పెడుతుంది. స్తమతియా తల్లి ఈసారి తన తల్లి వాసిలికీ పేరు నిలబడుతుందని ఆశ పెట్టుకుంది. మిత్రోస్ మాత్రం జ్ఞానతండ్రికి ముందే చెప్పి ఉంచాడు. పిల్లలు రొప్పుతూ వచ్చి స్తమతియా, స్తమతియా అని అరిచేసరికి, ఆ తల్లి అక్రూట్ కాయల బుట్టను వాళ్ళ ముందుకి తోసేసి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాతి కాన్పులో మగపిల్లవాడు పుట్టాడు. ఊరంతా పేరు మహిమ అంది. మిత్రోస్ నాలుగో కూతుర్ని చంకనేసుకుని కాఫీ కొట్టుకి తీసుకెళ్ళి, ఆపింది ఈ పిల్లే అని అందరికీ చూపించాడు. తండ్రి ఆమెను ఎత్తుకున్నది అదే మొదటిసారి అని పెద్దక్క చెబుతూ ఉండేది. ఆ తర్వాత మళ్ళీ ఎత్తుకున్నట్టు ఎవరూ చెప్పలేదు.

చిన్నప్పుడు ఆమెకు నోరు లేదనుకునేరు. వీపున కట్టెల మోపుతో కొండ దిగుతుంటే వెనకనుంచి మగపిల్లలు స్తమాతా అని కేకేసేవాళ్ళు. ఆమె నిజంగానే ఆగి, మోపుతో సహా వెనక్కి తిరిగి, "ఆగాను. ఏం పెడతావు?" అని అడిగేది. వాళ్ళ దగ్గర పెట్టడానికి ఏముంటుంది? సిగ్గుపడి పారిపోయేవాళ్ళు. అలాంటి నోరు మూతపడింది, మూతపడి ముప్పయ్యేళ్ళు అలాగే ఉంది. దానికి కారణం ఆమె అత్త చెప్పిన ఒకే ఒక్క మంచిమాట.

ఆమెను మేకల మంద ఉన్న పనాగోస్‌కి ఇచ్చారు. మంచివాడు. మాటలు తక్కువ, ఉన్న మాటల్లోనూ సగం మేకలకే ఖర్చయ్యేవి. పెళ్ళయిన మర్నాటినుంచి ఆమె పేరు పోయింది. మా దగ్గర పెళ్ళయిన ఆడదాన్ని మొగుడి పేరుకి తోక తగిలించి పిలుస్తారు. పనాగోస్ పెళ్ళాం పనాగేనా అయింది. నీళ్ళ దగ్గర పనాగేనా, పొయ్యి దగ్గర పనాగేనా, చర్చి గుమ్మంలోనూ పనాగేనాయే. ఆగు అనే పేరుకంటే ఇదే నయం అని మొదట్లో తనే నవ్వింది. కొన్నేళ్ళకి స్తమతియా అని పిలిచేవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు.

ఈ కట్టుబాటు ఊరందరికీ ఉంది గానీ, ఆమె అత్తకి మాత్రం లేదు. అత్త పేరు ఆసిమీనా. వెండి అని అర్థం. చిన్న వయసులోనే మొగుడు పోతే, ఒక్క కొడుకుని చంకనేసుకుని, కొండమీద మేకలు కాసి, మాటు వేసిన మగవాళ్ళని రాళ్ళతో కొట్టి తరిమి బతికింది. మొగుడే పోయాక ఆయన తోక నాకెందుకు అని చెప్పి, ఊరిచేత తన పేరుతోనే పిలిపించుకుంది. తోకతో పిలిస్తే పలికేది కాదు. వెండి గిన్నెను తోమినట్టు ఆ పేరును తోమి తోమి పెట్టుకుంది ముసలిది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్న సామెత మా ఊరిదాకా రాలేదు గానీ, వచ్చుంటే ఆ ఇంటి గుమ్మం మీదే రాసి ఉండేవాళ్ళు. రొట్టెకి పిండి పిసికితే గట్టి అనేది, పిసక్కపోతే బద్ధకం అనేది. కోడలు మాటకి మాట అప్పజెప్పేది. మొదటి రెండేళ్ళు ఆ ఇంటి గోడలకి విశ్రాంతి లేదు.

అంతలో స్తమతియా నెల తప్పింది. మా పద్ధతిలో మొదటి ఆడపిల్లకి నాయనమ్మ పేరు పెడతారు. పేరు నిలబెట్టడం అంటారు దాన్ని. మనిషి పోయినా ఆ పేరుతో ఇంకో మనిషి ఇంట్లో తిరుగుతుంటే పోయినట్టు కాదు. ముసలిది ఆ మాట పైకి అనలేదు గానీ కోడలికి తినడానికి మీగడ తీసిపెట్టడం మొదలెట్టింది.

నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. జనవరి నెల. మంచు కిటికీలదాకా పడి ఉంది. బిడ్డ పుట్టింది, ఆడపిల్ల, పిడికెడంత ఉంది. ఏడుపు లేదు, పిల్లికూనలా చిన్న మూలుగు. పనాగోస్ కింది ఊళ్ళో ఉన్న ఫాదర్ లాంబ్రోస్ కోసం మంచులో పడి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఆ మంచులో ఎప్పటికి తిరిగొస్తాడో తెలియదు. స్తమతియా ఒళ్ళు జ్వరంతో పేలిపోతోంది. బిడ్డ గోళ్ళు నీలం తిరుగుతున్నాయి.

బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డను మా దగ్గర శ్మశానం గోడ బయట పెడతారు. దీపం ఉండదు, పేరు ఉండదు. లెంట్ ఉపవాసాలకి ముందు వచ్చే ఆత్మల శనివారాల్లో ఊరందరూ ఉడకబెట్టిన గోధుమలు పళ్ళాల్లో తెచ్చి చర్చిలో పెడతారు. ఫాదర్ పోయినవాళ్ళను పేరు పేరునా చదువుతారు. పేరు వినపడితేనే వాళ్ళు వస్తారు, పెట్టింది తీసుకుంటారు. పేరు లేని బిడ్డని ఎవరు పిలుస్తారు, ఏమని పిలుస్తారు? బిడ్డ బతకదని స్తమతియాకి అర్థమైంది. పేరు లేకుండా పోతుందేమో అన్నదే అప్పుడామె భయమంతా.

ఫాదర్ అందనప్పుడు దానికో దారి ఉంది. నమ్మకమున్న మనిషి ఎవరైనా సరే, బిడ్డను మూడుసార్లు గాలిలోకి ఎత్తి, పేరు చెప్పి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామం చెబితే చెల్లుతుంది. నీళ్ళకి బదులు గాలి. స్తమతియా అత్త చెయ్యి పట్టుకుని, నీ పేరు పెట్టి ఎత్తమని బతిమాలింది. ముసలిది బిడ్డను తీసుకుని వేడికోసం పొయ్యి ఉన్న ముందుగదిలోకి వెళ్ళింది. వేడి పోకుండా తలుపు దగ్గరగా వేసింది. లోపల పడుకున్నదానికి గొణుగుడు తప్ప మాట తెలియలేదు. కాసేపటికి ముసలిది బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి పక్కలో పెట్టింది.

"ఎత్తాను. నా పేరే పెట్టాను. వెళ్ళిపోయిందే."

స్తమతియా ఆ చేతిని కళ్ళకద్దుకుని ముద్దు పెట్టుకుంది.

మా పెద్దవాళ్ళ నమ్మకం ఒకటుంది. పసిబిడ్డతోపాటు మట్టిలోకి ఎవరి పేరు వెళితే ఆ మనిషిని కొంగు పట్టి లాగుతుందట. అందుకే పోయే బిడ్డకి బతికున్నవాళ్ళ పేరు పెట్టడానికి ఎవరూ ముందుకి రారు. ఆసిమీనా పెట్టింది. మంచు కరిగాక ఫాదర్ వచ్చి, ఆ పేరు చెప్పి, బిడ్డను గోడ లోపలే పెట్టారు. పనాగోస్ కర్రతో చిన్న సిలువ చేసి పాతాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. అంత పేరు పిచ్చి ఉన్న మనిషి ఆ పేరునే మట్టిలో పెట్టిందే అని చెప్పుకుంది. చర్చిలో ఆమెకి ముందు వరసలో చోటు ఇచ్చారు. ముసలిది ఆ చోటులో కూర్చుంది, ముప్పయ్యేళ్ళు కూర్చుంది.

ఆ రోజునుంచి కోడలు ఎదురు చెప్పలేదు. పిండి గట్టి అంటే గట్టే. బద్ధకం అంటే బద్ధకమే. నా బిడ్డకి పేరిచ్చిన మనిషి, తన ప్రాణం పోతుందేమోనని కూడా చూసుకోలేదు అనుకునేది. అత్త కాళ్ళు పట్టింది, దెప్పుళ్ళు పడింది, ఆమె నడుము పడిపోయాక ఎత్తి కూర్చోబెట్టి నీళ్ళు పోసింది. నాలుగేళ్ళ తర్వాత ఇంకో ఆడపిల్ల పుడితే దానికీ ఆసిమీనా అనే పెట్టారు. పోయిన పేరు లేచి నిలబడిందన్నారు. ఆ పిల్ల పెరిగి పెద్దదై కింది ఊళ్ళో కాపురానికి వెళ్ళింది.

ఆత్మల శనివారం వచ్చిందంటే స్తమతియా ముందురోజే గోధుమలు ఉడికించి, ఆరబెట్టి, పంచదార, బాదంపప్పు, దానిమ్మ గింజలు కలిపి సిద్ధం చేసేది. చదవడం రాయడం రాదు కాబట్టి చీటీ మీద పేర్లు కూతురు రాసేది. పైన మొట్టమొదటిది ఆ బిడ్డ పేరే ఉండాలి. మా పేర్లకొక తమాషా ఉంది. మగవాడి పేరు చివర స్ ఉంటుంది, ఫలానావాడి అని చెప్పాల్సి వస్తే అది రాలిపోతుంది. ఆడదాని పేరుకి ఆ స్ ఉండదు, ఫలానా ఆమె యొక్క అన్నప్పుడే వచ్చి అతుక్కుంటుంది. పోయినవాళ్ళ పేర్లన్నీ చర్చిలో అలాగే చదవాలి, ఫలానావాడి ఆత్మకి, ఫలానామె ఆత్మకి శాంతి అని. బతికినంతకాలం ఆ అక్షరం మగాళ్ళు అనుభవించి, చచ్చాక ఆడాళ్ళకి వదిలేసి పోతారు అని చర్చిలో పాటలు పాడే కోజ్మాస్ హాస్యమాడేవాడు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. స్తమతియా నవ్వేది కాదు. ఆమె ఆ అక్షరం కోసమే చెవులు రిక్కించి నిలబడేది. 'ఆసిమీనాస్, పసిబిడ్డ' అని వినపడగానే గుండె ఒక్కసారి కొట్టుకునేది. ఇదిగో తల్లీ, వచ్చావా, తిను అని లోపల అనుకునేది. ఏడాదికి ఆమె బిడ్డతో మాట్లాడే మాటలు అవే.

అలా ఏళ్ళు గడిచాయి. చెస్ట్‌నట్ కాయలు రాలే కాలంలో ముసలిదానికి చివరిరోజులు వచ్చాయి. ప్రాణం పోదు, ఉండదు. తిండి మానేసింది, కళ్ళు మాత్రం ద్వారం మీద. ఇలా ప్రాణం కొట్టుకుంటుంటే ఎవరో క్షమించలేదని మావాళ్ళు అంటారు. ఒక్కొక్కరినీ పిలిచి క్షమించమని అడిగిస్తారు. వచ్చినవాళ్ళు రెండు మాటలు అనాలి: దేవుడు నిన్ను క్షమించాలి, నేనూ క్షమించాను. మాట పట్టింపులున్న ఇరుగుపొరుగు వచ్చి అనేసి వెళ్ళారు. పొలం గట్టు తగాదా ఉన్న ముసలాయన కూడా కర్ర పట్టుకుని వచ్చి అన్నాడు. చివర్లో స్తమతియా మంచం మీద కూర్చుని, దూదితో అత్త పెదాలు తడుపుతూ రెండు మాటలూ అంది. ముసలిది ఆమె చెయ్యి వదల్లేదు. అందరినీ బయటికి పొమ్మని కళ్ళతోనే చెప్పింది.

"దేనికి క్షమించావే?"

"దేనికైనా అత్తా. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నుంటాయి, ఏమని లెక్కపెడతాం?"

"ఆ పిల్లకి నా పేరు పెట్టలేదు."

స్తమతియాకి ముందు అర్థం కాలేదు. జ్వరం మాటలనుకుంది. ముసలిది ఆగి ఆగి చెప్పింది.

"ఎత్తాను. మూడుసార్లూ ఎత్తాను, అది అబద్ధం కాదు. నా పేరు చెబుదామనే నోరు తెరిచా. రాలేదు. ఎలాగూ పోతోంది, దాంతోపాటు నా పేరు మట్టిలోకెందుకు అనిపించింది. నీ పేరు చెప్పా."

"నా పేరా?"

"నువ్వూ పోతావనుకున్నానే. ఒళ్ళు కాలిపోతా ఉంది నీకు. లాక్కుపోతే నిన్నే లాక్కుపోనీ అనుకున్నా. నా కొడుక్కి ఇంకో పెళ్ళాం దొరుకుద్ది. వాడికి ఇంకో అమ్మ దొరకదుగా."

స్తమతియా దూది గిన్నెలో పెట్టి లేచింది. మేకల కొట్టంలోకి వెళ్ళి గడ్డి మీద కూర్చుంది. తన చావు కోరిందన్న మాట ఆమెను పెద్దగా తాకలేదు. చంపబోయిన చావు ఎప్పుడో దారి తప్పి పోయింది. చేతిని ముద్దుపెట్టుకున్నది గుర్తొచ్చి నోరు చేదైంది, అదీ పోయింది. పోనిది ఒక్కటే. అయితే ఇన్నేళ్ళూ నా పిల్లని పిలిచిందెవరు? ఏడాదేడాదీ గోధుమలు పెట్టి ఆసిమీనా రామ్మా అని పిలిచింది. ఆ పేరుగలది ఎవరూ అక్కడ లేరు. తన పిల్ల ఎక్కడో నిలబడి, అందరి బిడ్డల పేర్లూ వింటూ, తన పేరు ఎప్పుడు వస్తుందా అని చూసి చూసి ఉంటుంది. ముప్పయ్యేళ్ళు దాన్ని పస్తు పెట్టాను అనుకుంది. కడుపుకోత అంటే బిడ్డ పోయిన రోజు తెలిసిందనుకుంది ఆమె. అది కాదని ఆ కొట్టంలో తెలిసింది. మేకలు ఆమె కొంగు నములుతున్నా అదిలించలేదు.

లేచి వచ్చి, కబురు పెట్టి ఫాదర్ ఎఫ్తీమియోస్‌ని పిలిపించమంది. ఈయన కొత్తగా వచ్చినాయన, కుర్రవాడు. కూతురు ఆసిమీనా కూడా కింది ఊరినుంచి వచ్చి ఉంది. సంగతి విని పనాగోస్ పెళ్ళాం ముందు నిలబడ్డాడు, జీవితంలో మొదటిసారి ఆమెను బతిమాలాడు.

"పోయే ప్రాణం. ఊరి ముందు పరువు తీయకు. నాకు చెప్పింది చాలు, దేవుడికి తెలిసింది చాలు."

"పోకముందే చెప్పాలి. పోయాక కోడలి మాట ఎవరు నమ్ముతారు?"

పనాగోస్ పక్కకి తప్పుకున్నాడు. ఫాదర్ వచ్చి, పాపాల ఒప్పుకోలు అనుకుని మెడలో పొడుగు పట్టీ వేసుకోబోయాడు. స్తమతియా ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పట్టీ మెడలో ఉంటే విన్నది ఆయన కడుపులోనే ఉండిపోవాలి, చచ్చినా బయటికి రాకూడదు. తీసేసి వినండి ఫాదర్, మామూలు మనిషి విన్నట్టు వినండి అంది. ఆయన ముసలిదానివైపు చూశాడు. ముసలిది సరేనన్నట్టు కళ్ళు మూసి తెరిచింది. ఆయన పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొడుకు ముందు, తన పేరు పెట్టుకున్న మనవరాలి ముందు, ముసలిది ఆ మాటంతా మళ్ళీ చెప్పింది. మనవరాలు ఏడుస్తూ తల్లిని ఒకటే అడిగింది.

"అయితే నేను మా అక్క పేరు నిలబెట్టలేదా అమ్మా?"

ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ అలాగే చెప్పి పెంచారు, నువ్వు ఒక్కదానివే కాదు, మీ అక్కవి కూడా అని. తల్లి ఆమె తల దగ్గరికి తీసుకుని నిమిరింది.

చెప్పడం అయ్యాక ముసలిది కోడలివైపు చెయ్యి చాచింది. ఆ రెండు మాటలూ మళ్ళీ కావాలి ఆమెకి, తెలిసి అన్నవి కావాలి. స్తమతియా దగ్గరికి వచ్చి, దూది తడిపి, పెదాలు తడిపింది.

"దేవుడు నిన్ను క్షమించాలి అత్తా."

"రెండోది?"

"అది నా ఒక్కదానిదీ కాదు. పిల్లనడగాలి."

మర్నాడు పొద్దెక్కాక ఆసిమీనా పోయింది. రెండో మాట లేకుండానే పోయింది. స్తమతియా ఆమెకు స్నానం చేయించి, జుట్టు దువ్వి, తను స్వయంగా నేసిన దుప్పటి కప్పింది. పనిలో ఏ లోటూ చేయలేదు. ఏడవలేదని మాత్రం ఆడవాళ్ళు గమనించారు.

చలికాలం చివర ఆత్మల శనివారం వచ్చింది. రెండు రోజుల ముందు స్తమతియా ఫాదర్ దగ్గరికి వెళ్ళి పేరు మార్చి చదవమంది. ఆయన మంచివాడు, ఓదార్చాలనుకున్నాడు. చెప్పిన పేరు తప్పైనా ప్రార్థన తప్పు కాలేదమ్మా, ఎవరికోసం చదివామో దేవుడికి తెలుసు, ఇన్నేళ్ళ గోధుమలూ వృథా కాలేదు అన్నాడు.

"దేవుడికి తెలుసు ఫాదర్. పిల్లకి తెలియదుగా."

సరే, చదువుతానన్నాడు.

ఇంట్లో పనాగోస్ అడ్డం పడ్డాడు. బతికున్న మనిషి పేరు చచ్చినవాళ్ళలో చదివించుకుంటే ఏమవుతుందో తెలుసా అని అడిగాడు. గొంతులో కోపం లేదు, భయమే ఉంది. తెలుసు, మీ అమ్మ ఆ పని ఎప్పుడో చేసింది, నేనేం పోలేదుగా అంది స్తమతియా. చాలా ఏళ్ళ తర్వాత ఆమె పాత నోరు వినపడింది. ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక టోపీ తీసుకుని మేకల దగ్గరికి పోయాడు. చీటీ రాయడానికి కూర్చున్న కూతురికి చెయ్యి ఆడలేదు. తల్లి పేరు ఆ వరసలో రాయడానికి కలం వెనకాడింది. నీ పేరు కాదమ్మా అక్క పేరు, నీ పేరు కాదు అక్క పేరు అని తనకి తనే చెప్పుకుంటూ రాసింది. ముసలిదాని పేరు కూడా రాయమంది స్తమతియా. ఎంతైనా పోయిన మనిషి, తినాలిగా అంది.

చర్చిలో పళ్ళాలన్నీ బల్లమీద వరసగా పెట్టారు. గోధుమల్లో గుచ్చిన కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఫాదర్ ఒక్కో చీటీ తీసి చదువుతున్నాడు. వీళ్ళ చీటీ వచ్చింది. మొదట 'స్తమతియాస్, పసిబిడ్డ' అని చదివాడు. ముందు వరసలో తలలు తిరిగాయి. ఒకరిద్దరు గబగబా సిలువ గుర్తు వేసుకున్నారు. పక్కనున్న దియమాందో, నీ పేరు పోయినవాళ్ళ చీటీలో పడింది పనాగేనా, చెప్పు చెప్పు అని మోచేత్తో పొడిచింది.

"తప్పు పడలేదు. అది నా పేరు కాదు, నా కూతురిది."

దియమాందో మోచెయ్యి వెనక్కి తీసుకుంది.

అసలు దుఃఖం అది కాదు. ఆ పేరు వినపడినప్పుడు స్తమతియా లోపల ఏమీ కదల్లేదు. ఆమె ఎదురుచూసింది. ముప్పయ్యేళ్ళ ఆకలి తీరే పిలుపు, గుండె పగిలిపోతుందనుకుంది. ఏమీ లేదు. ఎవరో పరాయి మనిషిని పిలిచినట్టుంది. రెండు పేర్ల తర్వాత 'ఆసిమీనాస్' అని వినపడింది, ముసలిదాని కోసం. అప్పుడు గుండె ఎగిరి పడింది. ఇదిగో తల్లీ వచ్చావా అని లోపలినుంచి మాట దానంతటదే వచ్చేసింది. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. ముసలిది బిడ్డ పేరు ఒక్కటే కాదు, బిడ్డ పేరు వింటే కదిలే గుండెను కూడా తీసుకుపోయింది. చర్చిలోనే స్తమతియా ఏడ్చింది. అత్తకోసం ఇప్పటికి ఏడుపొచ్చింది అని ఆడవాళ్ళు జాలిపడ్డారు.

ప్రార్థన అయ్యాక అందరూ సమాధుల దగ్గరికి వెళ్ళారు. మంచు కరుగుతోంది, కాళ్ళకింద బురద. గోడ పక్క మూలలో చిన్న రాళ్ళ గుట్ట. పనాగోస్ ముందురోజే వచ్చి పాత సిలువ పీకి కొత్తది పాతినట్టున్నాడు, కర్ర ఇంకా పచ్చిగా ఉంది. పేరు చెక్కడం అతనికి రాదు, ఖాళీగానే ఉంది. కూతురు కాస్త దూరంలో ఆగిపోయింది. పనాగోస్ టోపీ చేతిలో పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు.

స్తమతియా రాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళెంలోంచి గోధుమలు చేత్తో తీసి రాళ్ళ మీద పెట్టింది. పిలవాలి. నోటికి ఆసిమీనా అనే వచ్చింది. మింగేసింది. రెండో పేరు నోటికి తిరగదు. ఎలా తిరుగుతుంది? తన పేరు పెట్టి తనే ఇంకొకర్ని ఎవరు పిలుస్తారు? ఊళ్ళో అందరి పేర్లూ పెట్టి పిలిచింది, మేకలకి కూడా పేర్లు పెట్టి పిలిచింది. ఆ ఒక్క పేరు ఆమె నోటితో ఎన్నడూ ఎవరినీ పిలవలేదు. పెదాలు కదిపి చూసింది. రాలేదు. ఇంకోసారి చూసింది.

"స్తమతియా."

తన గొంతే, ఎవరిదోలా ఉంది. భయపడి చుట్టూ చూసింది. తర్వాత రాళ్ళ దగ్గరికి ఒంగి, మెల్లగా చెప్పింది.

"భయపడకు, ఎవరో కాదు. నేను, అమ్మని. ఇన్నాళ్ళూ నీ పేరు నాకు తెలియలేదే తల్లీ."